బొమ్మల కొలువుకు బుల్లి ఆకులు: బీదర్ ఇళ్లకు కొన్ని చిట్కాలు

మెట్ల మీద బొమ్మలు ఎంత ముచ్చటగా పేర్చినా, కింద పరిచే ఊరు, తోట, చెరువు దగ్గరికి వచ్చేసరికి చాలా ఇళ్లలో కొలువు తేలిపోతుంది. కొండపల్లి బొమ్మ బెత్తెడు ఎత్తు ఉంటుంది. దాని పక్కన గుచ్చిన క్రోటన్ కొమ్మలో ఒక్కో ఆకు ఆ బొమ్మ మొహం కంటే పెద్దది. చూసేవాళ్లకు అది చెట్టులా కనిపించదు, ఇంటి ముందు కుండీలోంచి విరిచిన కొమ్మలాగే కనిపిస్తుంది. బజారులో దొరికే ప్లాస్టిక్ గడ్డి తెచ్చి పరిస్తే అంతా ఒకటే పచ్చ, ఎక్కడా ప్రాణం ఉండదు.

బీదర్‌లో ఉన్నవాళ్లకు ఆ తిప్పలు అక్కర్లేదు. ఇది ఎర్రరాతి పీఠభూమి. వాన కురిసినా నీరు పైన నిలవదు, ఎండాకాలం చాలా పొడవు. ఇలాంటి నేల మీద నిలదొక్కుకున్న చెట్లలో చాలావాటికి ఆకు సన్న సన్న తునకలుగా చీలి ఉంటుంది. చిన్న తునక గాలికి తొందరగా చల్లబడుతుంది, ఎండకు మాడిపోదు. తుమ్మ, జమ్మి, చండ్ర ఇవన్నీ ఆ బాపతువే. అంటే బొమ్మలకు సరిపడే ఆకులు మన వీధి చివరే దొరుకుతున్నాయి. వాటిని ఏరడం, ఆరబెట్టడం, అతికించడం ఎలాగో తెలిస్తే చాలు. దసరాకు కొలువు పెట్టేవాళ్లకూ సంక్రాంతికి పెట్టేవాళ్లకూ ఇద్దరికీ పనికొచ్చేలా రాస్తున్నాను.

1. ముందు బొమ్మను కొలవండి

ఆకు వెతకడానికి వెళ్లేముందు, నిలబడి ఉన్న మనిషి బొమ్మ ఒకదాన్ని స్కేలుతో కొలవండి. మనిషి ఎత్తు 160 సెంటీమీటర్లు అనుకుందాం. బొమ్మ 10 సెంటీమీటర్లు ఉంటే, దాని చుట్టూ ఉన్నదంతా అసలులో 16వ వంతు ఉండాలి. 20 సెంటీమీటర్ల మామిడాకు అక్కడ 12 మిల్లీమీటర్లకు దిగుతుంది. రావి ఆకు 8 మిల్లీమీటర్లు, వేపాకు 4 మిల్లీమీటర్లు. చేటంత తామరాకు 3 సెంటీమీటర్లు. రెండు మీటర్ల అరటాకు 12 సెంటీమీటర్లు. బొమ్మ 5 సెంటీమీటర్లే అయితే ఇవన్నీ ఇంకో సగానికి తగ్గుతాయి.

పిల్లలు పెట్టెల్లో తెచ్చి అతికించుకునే ప్లాస్టిక్ సైనికులు ఉంటారు కదా, పెట్టె మీద 1/35 అని రాసి ఉంటే ఆ సైనికుడు సుమారు 5 సెంటీమీటర్లు. కొలువు చిన్న బొమ్మలకు ఏరిన ఆకే వాడికీ సరిపోతుంది.

దేవుడి బొమ్మలకు ఈ లెక్క వేయకండి. పెద్ద లక్ష్మీదేవి పక్కన చిన్న కోమటి దంపతులు ఉండటం కొలువు సంప్రదాయమే. ఊళ్లో తిరిగే మనుషుల బొమ్మలనే కొలతకు తీసుకోండి.

2. ఏ ఆకు దేనికి?

ఇది అన్నిటికంటే ముఖ్యం, కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను.

మామిడాకుకు ఉసిరి ఆకు. ఉసిరి రెమ్మలో రెండువైపులా సన్నగా, పొడుగ్గా, సెంటీమీటరు అటూ ఇటుగా ఉండే తునకలు 10 సెంటీమీటర్ల బొమ్మ పక్కన అచ్చం మామిడాకులే. తినే ఉసిరికాయల చెట్టుదే తీసుకోండి. అది దొరక్కపోతే పెరట్లో మొలిచే నేల ఉసిరి కూడా పనిచేస్తుంది, కాకపోతే తునక కొంచెం పొట్టిగా ఉంటుంది.

వేపాకుకు నల్లతుమ్మ. తుమ్మ తునక 3 నుంచి 6 మిల్లీమీటర్లు, అంతకన్నా ఎక్కువ ఉండదు. పొదలకూ కంచెలకూ కూడా ఇదే. 5 సెంటీమీటర్ల బొమ్మల ఊరైతే తోట మొత్తం నల్లతుమ్మతోనే లాగించవచ్చు. ముళ్లు పొడుగ్గా, తెల్లగా ఉంటాయి, పిల్లలను కోయనివ్వకండి.

మర్రి ఆకుకు మునగాకు. మునగ రెమ్మ చివర ఉండే చిన్న తునకలు గుండ్రంగా, మెత్తగా ఉంటాయి. కూరకు దూసినప్పుడు మిగిలే కొసలు పక్కన పెట్టుకుంటే చాలు, వేరే కోయక్కర్లేదు.

రావి ఆకుకు పులిచింతాకు. కుండీల్లోనూ నూతి గట్టు మీదా దానంతట అదే మొలిచే పుల్లటి ఆకు ఇది. ఒక కాడకు మూడు తునకలు, ఒక్కోటీ హృదయం ఆకారం. విడదీసి, కాడ అతికే కొసను పైకి కాకుండా కిందికి తిప్పి అతికిస్తే రావి ఆకు తోక ఉన్నట్టే కనిపిస్తుంది. రావి చెట్టు కింద నాగప్రతిష్ఠ పెట్టేవాళ్లు దీన్ని వదులుకోకూడదు.

మారేడు దళానికి మెంతికూర చిగురు. మూడు తునకలూ విడదీయకుండా అలాగే ఉంచండి. శివపార్వతుల బొమ్మ ముందు ఒక్క దళం పెట్టినా అందం వస్తుంది.

చండ్ర, గుల్‌మొహర్ తునకలు మరీ సన్నం. విడిగా ఆకులుగా వాడటం కష్టం. రెమ్మను అలాగే ఇస్త్రీ చేసి కొబ్బరి మట్టలా, ఈతాకులా వాడితే నప్పుతుంది.

చింతాకు అందరికీ మొదట తోచేదే. కానీ 10 సెంటీమీటర్ల బొమ్మకు ముదురు చింతాకు పెద్దదైపోతుంది. చిగురైతేనే వాడండి. 15 సెంటీమీటర్లు దాటిన మట్టిబొమ్మలకు ముదురాకు పనికొస్తుంది.

3. కోసే వేళ తప్పితే ఆకు దక్కదు

చింత, సుబాబుల్, నిద్రగన్నేరు, అత్తిపత్తి సాయంత్రానికి ఆకులు ముడుచుకుంటాయి. పొద్దుగూకాక కోసి పుస్తకంలో పెడితే తునకలు జంటలు జంటలుగా అతుక్కుని అలాగే ఎండిపోతాయి. తెల్లవారగానే కోస్తే మంచు తడికి బూజు పడుతుంది. తొమ్మిది, పది గంటల మధ్య, ఆకు పూర్తిగా విచ్చుకుని తడి ఆరిన వేళ మంచిది. అత్తిపత్తి మాత్రం ముట్టుకుంటేనే ముడుచుకుంటుంది కాబట్టి, కొమ్మ కోశాక నీళ్ల గ్లాసులో నిలబెట్టి, మళ్లీ విచ్చుకున్నాక కాగితం మీదికి తీయండి.

4. దసరా జమ్మిని వచ్చే ఏటికి దాచండి

జమ్మిని ఇక్కడి కన్నడం వాళ్లు బన్ని అంటారు. విజయదశమినాడు దాన్ని బంగారమని చేతుల్లో పెట్టి పెద్దల కాళ్లకు మొక్కడం మనకూ వాళ్లకూ ఒకటే. ఆ సాయంత్రం ఇంటికి చేరే ఆకు తక్కువేమీ కాదు. కొంత దేవుడి దగ్గర, కొంత బీరువాలో పెట్టాక మిగిలినది చాలా ఇళ్లలో వాడిపోయి చెత్తలోకి వెళ్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు సరేనంటే దాన్ని నీడలో ఆరబెట్టి డబ్బాలో పోయండి.

దసరా కొలువు పాడ్యమికి మొదలవుతుంది, జమ్మి ఇంటికి వచ్చేది కొలువు ముగిసే వేళకు. అందుకే ఈ ఏటి జమ్మి వచ్చే ఏటి కొలువుకే అందుతుంది. బొమ్మల ఊళ్లో పొలిమేర జమ్మి చెట్టుకు అసలు జమ్మి ఆకే ఉండటం నాకు చాలా ఇష్టం. తునక నల్లతుమ్మ కంటే కొంచెం వెడల్పు, ఎండాక బూడిద కలిసిన పచ్చగా మారుతుంది, రాలిపోకుండా బాగా అతుక్కుంటుంది.

5. సంక్రాంతి కొలువుకు శనగ మొక్క

బీదర్ పప్పుధాన్యాల జిల్లా. కంది, పెసర, మినుము వానకాలం పంటలు, చలికాలం వచ్చిందంటే శనగ. సంక్రాంతికి ముందు పచ్చి శనగ కట్టలు అమ్మకానికి వస్తాయి. కాయలు ఒలుచుకుని తిన్నాక మొక్కను పారేయకండి.

ఒక రెమ్మ తీసి వెలుతురుకు ఎత్తి చూడండి. సన్నటి ఈనెకు రెండువైపులా సెంటీమీటరు పొడవున ఆకులు, ప్రతి ఆకు అంచునా రంపం పళ్లలా నొక్కులు. గులాబీ ఆకును ఎవరో కుదించినట్టుంటుంది. బొమ్మల పూలతోటకు ఇంతకంటే సరైన గులాబీ ఆకు నాకు కనిపించలేదు. కొసన చిన్న ఎర్ర కాగితం చుట్టి అతికిస్తే పువ్వు.

ఈ ఆకు మీద పుల్లటి చెమ్మ ఉంటుంది, ముట్టుకుంటే వేళ్లు జిగటగా అవుతాయి. కోశాక మంచినీళ్లలో ఒకసారి జాడించి, పాత బట్ట మీద తడి పోయేదాకా ఆరనిచ్చాకే కాగితాల మధ్య పెట్టండి. లేకపోతే కాగితానికి అంటుకుపోతుంది.

6. కూరల సంచిలో దొరికేవి

సోయికూర కొసలు నీటి మొక్కలకు, సరుగుడు చెట్లకు. క్యారెట్ ఆకు కొస ఫెర్న్ మొక్కకు. పుదీనా తలలో నడిమి చిగురు తోటలో క్యాబేజీ మడికి. కొత్తిమీర వద్దు, ఎండితే పాలిపోయి పొడి అయిపోతుంది. వెల్లుల్లి పొట్టును చిన్న కత్తెరతో ఆకుల్లా కత్తిరిస్తే ఎండుటాకులు. ఎండిన కసూరి మేథీ నలిపి చల్లితే చెట్టు కింద చెత్త.

7. నూతి గట్టు నాచు, కోట గోడ నాచు

తడి నేలకూ చెరువు గట్టుకూ నాచుకు మించింది లేదు. వానకాలం చివర మీ ఇంటి ప్రహరీ, నీళ్ల తొట్టి, డాబా మీది మూల పచ్చబడి ఉంటాయి. అట్లకాడ అడుగుకు దూర్చి రేకుల్లా లేపండి. నీడలో ఆరబెడితే గోధుమ రంగుకు తిరుగుతుంది, చచ్చిపోయిందని పారేయకండి. కొలువు పెట్టే ముందురోజు నీళ్లు చిలకరిస్తే చాలా రకాల నాచు మళ్లీ పచ్చబడుతుంది.

కోట గోడల మీద, మహమూద్ గవాన్ మదరసా దగ్గర, అష్టూరు గుమ్మటాల మెట్ల మీద వానకాలంలో నాచు ఎంత దట్టంగా కనిపించినా గోకకండి. అవి పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు. మదరసా 1472 నాటిది, దాని ముఖం మీద రంగు పెంకుల పని ఇంకా కొంత మిగిలి ఉంది. నాచు లేపితే దాని వెంట సున్నమూ లేస్తుంది. నరసింహ ఝరణి, పాపనాశ గుడి, గురునానక్ ఝీరా దగ్గరి ఊటల చుట్టూ ఉన్న పచ్చదనాన్నీ అలాగే వదిలేయండి. వాటిని చూసి నేర్చుకోండి చాలు. నీటి చెమ్మ దాకా నాచు ఎలా వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో, రాయి ఎక్కడ ఎర్రగా బయటపడుతుందో ఫోటో తీసుకోండి. కొలువులో చెరువు కట్టేటప్పుడు ఆ ఫోటో ముందు పెట్టుకుంటే పని సగం అయినట్టే.

8. బుల్లి మామిడి తోరణం

ఉసిరి రెమ్మ పచ్చిగా ఉండగానే తునకలు విడదీసి, సన్నసూదికి ఒంటిపోగు దారం ఎక్కించి, ప్రతి తునక కాడ దగ్గర ఒక్క కుట్టు వేయండి. రెండు తునకల మధ్య తునక వెడల్పంత ఖాళీ. ఐదు ఆకులకు ఒకసారి బంతి పువ్వులోంచి తీసిన ఒక్క రేకును మడిచి గుచ్చండి. గుమ్మానికి కట్టేదాకా రెండు తడి కాగితాల మధ్య ఉంచితే వాడదు. తొమ్మిది రోజుల దసరాకు మధ్యలో ఒకసారి మార్చాలి.

9. తామరాకులు

10 సెంటీమీటర్ల బొమ్మకు సరస్వతి ఆకు. రెండు మూడు సెంటీమీటర్ల గుండ్రటి ఆకు, కాడ దగ్గర నొక్కు. నీళ్ల మీద పరిస్తే తామర కొలనే. 3 సెంటీమీటర్ల లోపు బొమ్మలకు చెరువుల మీద తేలే సన్నటి పచ్చ నాచు ఉంటుంది చూడండి, ఒక్కో ఆకు ఆవగింజకు రెట్టింపు ఉంటుంది, దాన్ని గరిటెతో తీసి స్టీలు పళ్లెం నీళ్లలో వదిలితే కొలువు అయ్యేదాకా బతికే ఉంటుంది. నీరు మాత్రం రోజూ కాస్త పోయండి.

10. రాల్చే పద్ధతి

విడి ఆకులు కావాలంటే ఒక్కోటీ గిల్లుతూ కూర్చోకండి. తుమ్మ, సుబాబుల్, మునగ కొమ్మల్ని తలకిందులుగా పాత కాగితపు సంచిలో వేలాడదీసి మూతి కట్టండి. వాడిన కొద్దీ తునకలు వాటంతట అవే రాలుతాయి. రెండు మూడు రోజులకు సంచి దులిపితే అడుగున పోగు ఉంటుంది. దాన్ని ముందు రవ్వ జల్లెడతో, తర్వాత పిండి జల్లెడతో జల్లించండి. పైన నిలిచింది పెద్ద బొమ్మలకు, మధ్యది చిన్న బొమ్మలకు, కింద పడిన నుసి గడ్డి నేలకు. ఈ జల్లెడలు ఈ పనికోసమే వేరుగా పెట్టుకోవడం మంచిది.

11. రెమ్మ విడిపోకూడదంటే ఇస్త్రీ

కోసిన రెమ్మ వాడిపోతూ తునకల్ని వదిలేస్తుంది. వాడే తీరిక ఇవ్వకుండా ఒక్కసారిగా ఆరబెడితే వదలదు. కోసిన గంటలోపే రెమ్మను రెండు తెల్ల కాగితాల మధ్య పరిచి, ఆవిరి ఆపేసి, సిల్కు బట్టకు పెట్టేంత వేడితో నొక్కండి. రుద్దకూడదు, నొక్కి ఎత్తాలి. నాలుగైదు సార్లు నొక్కితే రెమ్మ కాగితంలా గట్టిపడుతుంది. తర్వాత వార్తాపత్రికల మధ్య పెట్టి పైన బరువు ఉంచండి. కాగితం రోజూ మార్చండి, చెమ్మ అంతా దానిలోకే పోతుంది.

ఇలా ఆరిన ఆకు పెళుసుగా ఉంటుంది. వంచాల్సిన ఆకు కావాలంటే గ్లిజరిన్ ఒక పాలు, వేడినీళ్లు రెండు పాళ్లు కలిపి, చల్లారాక వారం దాకా నానబెట్టండి. రంగు ముదురుతుంది గానీ తోలులా మెత్తగా ఉండి ఏళ్లు నిలుస్తుంది.

12. రంగు వెలిసిపోతే

వెలుతురు తగిలిన ఎండుటాకు పచ్చ వదిలి గడ్డి రంగుకు తిరుగుతుంది, దాన్ని ఏ మందూ పూర్తిగా ఆపలేదు. కాబట్టి రంగు వేయడానికి మొహమాటపడకండి. సీసాలో ఉన్న పచ్చను నేరుగా వేస్తే ప్లాస్టిక్ లాగే ఉంటుంది. పచ్చలో కొంచెం పసుపుమట్టి రంగు, చిటికెడు ఎరుపు కలపండి. మూడు గిన్నెల్లో మూడు రకాలుగా కలిపి ఆకుల్ని మూడు భాగాలు చేసి ముంచండి. ఆరాక మూడూ కలిపేయండి. చెట్టుకు ఎండా నీడా ఉన్న భావన దానితో వస్తుంది.

13. చెట్టు కట్టే తీరు

దానిమ్మ కొమ్మ ఎండితే గణుపులు గణుపులుగా, ముసలి చెట్టు మొదలులా ఉంటుంది. అలాంటి జానెడు కొమ్మను చెక్కముక్కకు రంధ్రం చేసి నిలబెట్టండి. ఎండిన బీరకాయ పీచును చేత్తో పీకి, గుప్పెడు గుప్పెడుగా కాకుండా పలచగా, సాలెగూడులా లాగి కొసలకు తగిలించండి. ఫెవికాల్ ఒక పాలుకు నీళ్లు ఒక పాలు కలిపి కుంచెతో పీచుకు పట్టించి, టీ వడగట్టే జాలీతో పైనుంచి ఆకులు చల్లండి. ఆరాక తలకిందులు చేసి మెల్లగా తట్టండి, అంటనివి రాలతాయి. మళ్లీ జిగురు, మళ్లీ ఆకులు. రెండోసారి లేతరంగు ఆకులే చల్లండి, అదీ పై వరసకే.

చాలామంది మొదలు నుంచి చివరిదాకా ఆకులు అంటిస్తారు. చెట్టు అలా ఉండదు. మొదలు, పెద్ద కొమ్మలు బోడిగా వదలాలి, ఆకుల మధ్య ఆకాశం కనిపించాలి. ఆ ఖాళీలే చెట్టును చెట్టులా నిలబెడతాయి.

14. నేల

బీదర్ నేల ఎరుపు, కొలువులో ఊరి నేలా ఎర్రగానే ఉండనివ్వండి. మీ ఇంటి ముందు మొరం గుప్పెడు తెచ్చి, పిండి జల్లెడలో జల్లించి, పెనం మీద వేడిచేసి చల్లార్చండి, పురుగు పోతుంది. దాని మీద పచ్చ ఆకు ఎంత తేటగా కనిపిస్తుందో తెల్ల ఇసుక మీద అంత కనిపించదు. నల్లరేగడి పొలం కావాలంటే టీ పొడి. మరిగించిన పొడిని రెండుసార్లు కడిగి, గట్టి ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి, పాలూ చక్కెరా మిగిలితే బూజూ చీమలూ తప్పవు.

రాలిన ఆకులు చెట్టు చుట్టూ గుండ్రంగా చల్లకండి. గాలి ఎటు వీస్తుందో ఒకటి అనుకుని, అటువైపు గోడ మూలకూ అరుగు కిందకూ పోగుచేయండి.

పచ్చ రంపపు పొట్టు పాత పద్ధతి, ఇప్పటికీ మంచిదే. వడ్రంగి దగ్గర తెచ్చి, జల్లించి, రంగునీళ్లలో మరిగించి ఆరబెట్టాలి. దాని మీద నల్లతుమ్మ ఆకు నుసి అక్కడక్కడా చల్లితే పచ్చిక అవుతుంది.

15. మొలకెత్తే పొలాలు

వరి మడికి రాగులు, తోటకు ఆవాలు, కంచె వెంబడి మెంతులు. కొలువుకు ఐదారు రోజుల ముందు పళ్లెంలో పలచగా మట్టి పోసి చల్లి, తడిబట్ట కప్పండి. ఆవాల తొలి ఆకులు జంటగా, నొక్కుతో ఉంటాయి, బొమ్మల ఎత్తులో అవి ముల్లంగి మడిలా కనిపిస్తాయి. రాగి మొలక సన్నగా నిలబడి నారుమడిలా ఉంటుంది. ఇక్కడ నవరాత్రికి ఘటం పెట్టి కలశం చుట్టూ మట్టిలో ధాన్యం చల్లే ఇళ్లు ఉన్నాయి. ఆ ఇళ్లలో ఇది కొత్త పని కాదు, అదే చేత్తో ఇంకో పళ్లెం చల్లుకుంటే సరి. కొలువు నాలుగోరోజుకు రెండో పళ్లెం సిద్ధం చేసుకోండి. మొదటిది అప్పటికి ఏపుగా పెరిగి బొమ్మల్ని మించిపోతుంది.

16. బిద్రీ ఏనుగు ఉంటే

బీదర్ ఇంట్లో కొలువంటే ఒక బిద్రీ ఏనుగో, గుర్రమో, పూలకూజానో ఉంటుంది. జింకు ఎక్కువ, రాగి తక్కువ కలిపిన లోహం మీద వెండి పొదిగి, కోట మట్టి, నవసాగరం కలిపిన నీళ్లలో ముంచితే ఆ నలుపు దిగుతుంది. దాని కాళ్ల కింద తడి నాచు, మొలకల పళ్లెం, శనగ ఆకు పెట్టకండి. చెమ్మకూ పులుపుకూ ఆ లోహం పాడవుతుంది. బాగా ఆరిన, పండి రాలిన ఆకులు పరచండి. చింత పండుటాకు పసుపు మీద ఆ నలుపూ వెండీ మెరిసినట్టు పచ్చ మీద మెరవవు. కొలువు ఎత్తేటప్పుడు మెత్తటి బట్టతో ఒక చుక్క కొబ్బరినూనె రాసి దాచండి.

17. బొమ్మకు జిగురు తగలనివ్వకండి

కొండపల్లి, నిర్మల్ బొమ్మలు తేలికైన పొనికి కర్రవి, పైన రంగు. ఏటికొప్పాకవి అంకుడు కర్ర మీద లక్క, మన కర్ణాటక చన్నపట్నం బొమ్మలకూ అదే జాతి కర్ర. రంగు తడికి లేస్తుంది, లక్క వేడికి మెత్తబడుతుంది. ఆకుల నేలను దళసరి అట్ట మీదో పలక మీదో విడిగా తయారుచేసి, పూర్తిగా ఆరాక బొమ్మను దాని మీద నిలబెట్టండి. బొమ్మ కాళ్లు పట్టేంత చోటు ముందే బోడిగా వదిలేయండి. నిలవకపోతే కిందికి కొంచెం మైనం.

18. కొన్ని మొక్కలకు దూరం

రోడ్ల పక్కన తెల్ల పూలతో నిండి ఉండే వయ్యారిభామ ఆకు ఫెర్న్‌లా ఎంతో అందంగా చీలి ఉంటుంది. ముట్టుకోవద్దు. దానివల్ల చర్మం దద్దుర్లెక్కుతుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు మరీ కష్టం. జిల్లేడు, నానుబాలు పాలు కంట్లో పడకూడదు. గురివింద ఆకు తునకలు కొలతకు బాగుంటాయి గానీ, గింజలు విషం. పసిపిల్లలున్న ఇంట్లో ఆ తీగే వద్దు.

19. అరటి, తాడి

వీటికి ప్రకృతిలో చిన్న ఆకు దొరకదు, చేసుకోవాలి. అరటాకుకు పచ్చ ముడతల కాగితం, నడుమ సన్న తీగ, అంచులు గోటితో అక్కడక్కడా చీల్చాలి. చీలికలు లేని అరటాకు నమ్మబుద్ధి కాదు. తాటాకుకు మొక్కజొన్న పొత్తు పైతోలు. పచ్చిగా ఉండగా విసనకర్రలా మడతలు పెట్టి, మొదట దారంతో బిగించి, కొసలు కత్తెరతో నరికి ఆరనివ్వండి. కల్లుగీసే కొండపల్లి బొమ్మకు చెట్టు బొమ్మతోనే వస్తుంది కదా, దాని పక్కన ఇలాంటివి నాలుగు నిలబెడితే తాటివనం.

20. బయటి దేశాల వాళ్లు ఏం చేస్తారు?

సైనికుల బొమ్మలు, చిన్న రైలు ఊళ్లు కట్టే యూరప్ వాళ్లు బర్చ్ చెట్టు కంకుల్ని నలుపుతారు. గింజలతోపాటు రాలే సన్నటి పొలుసులు మేపుల్ ఆకుల్లా మూడు కొసలతో ఉంటాయి. వాటికి రంగు వేసి 1/35 సైనికుల కాళ్ల దగ్గర చల్లుతారు. మన భూర్జపత్రం చెట్టూ ఆ జాతిదే, కానీ అది హిమాలయాల్లోది. మనకు దానికి బదులు ఎండిన తులసి కంకి. చేత్తో నలిపితే గింజ చుట్టూ ఉన్న చిప్పల్లాంటి తొడుగులు రాలతాయి. గింజలు కుండీలో చల్లి, తొడుగుల్ని ఎండుటాకులుగా వాడండి. ఆకారంలో మేపుల్ కాదు, కానీ వంపు తిరిగి సహజంగా ఉంటాయి. పూజ తులసి కంకి నలపడం ఇంట్లో ఇష్టం లేకపోతే అడవి తులసిది తెచ్చుకోండి.

ఆకు ఆకారంలో కత్తిరించే చిన్న పంచ్‌లు కూడా అమ్ముతారు. కొంటే, కాగితం మీద కాకుండా ఎండిన బాదం ఆకు మీద నొక్కండి. బాదం ఆకు ఎరుపు, పసుపు, గోధుమ ఒకే ఆకులో ఉంటాయి, రంగు వేసే పని తప్పుతుంది.

21. దీపానికి దూరం

కొలువు ముందు దీపం, మెట్లకు లైట్ల దండ. ఎండిన తుమ్మాకు, రంపపు పొట్టు, బీరపీచు నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటాయి. దీపపు కుంది చుట్టూ జానెడున్నర మేర నేల తడి మొలకలతోనో మొరంతోనో నింపండి, ఎండుటాకులు దాని అవతలే. వేడెక్కే పాత బల్బుల దండ చెట్ల మీద వేయకండి. హారతి పళ్లెం తిప్పేటప్పుడు చెట్టు కొమ్మ చేతికి అడ్డం రాకుండా ముందే సర్దండి.

22. దాచుకోవడం

కొలువు ఎత్తాక చెట్లను విరిచేయకుండా బూట్ల పెట్టెలో నిలబెట్టండి. విడి ఆకులకు మందుల ప్లాస్టిక్ డబ్బాలు బాగా పనిచేస్తాయి. ఒక్కో డబ్బాలో కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లం ఒకటి, ఎండిన వేపాకు నాలుగు. పురుగు అనుమానం ఉంటే డబ్బాను గట్టిగా మూసి రెండు మూడు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి తీయండి. మూత మీద చెట్టు పేరు, కోసిన నెల, ఎన్ని సెంటీమీటర్ల బొమ్మకు సరిపోతుందో రాయండి. ఊళ్లు తిరిగేవాళ్లు, జహీరాబాద్‌లోనో నారాయణఖేడ్‌లోనో చుట్టాలున్నవాళ్లు, అక్కడి పొలం గట్ల మీది ఆకునూ ఒక డబ్బాలో చేర్చుకోండి. 1956 దాకా అవీ బీదర్ జిల్లాలోవే, చెట్లూ చాలావరకు ఒకటే. తోటలోకో పొలంలోకో వెళ్లేముందు యజమానిని అడగండి. కొమ్మలు నరికిన రోజైతే కింద పడ్డదే కావలసినంత దొరుకుతుంది.